గర్భిణి ఒంటికి బాలింత మర్దన పనికిరాదు

దక్షిణ ఒడిశాలోని పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, రాయగడ, బరంపురం ఊళ్లలోని తెలుగు ఇళ్లలో ఒంటికి నూనె పట్టించడం అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది బాలింత స్నానమే. నువ్వుల నూనెతోనో, ఒడియా ఇరుగుపొరుగు అలవాటు కలిసిన చోట ఆవనూనెతోనో ఒళ్లంతా గట్టిగా రుద్ది, నలుగు పెట్టి, కాగిన నీళ్లు తొలిపి నడుము మీద ధారగా పోసి, పొట్టకు పాత చీర బిగించి కట్టే ఆ పద్ధతికి ఇంటింటా తెలిసిన వరుస ఉంది, ఆ వరుస చేతిలో ఉన్న పెద్దవాళ్లు ఉన్నారు. పురుటికి ముందు గడిచే తొమ్మిది నెలలకు మాత్రం అలాంటి స్థిరమైన పద్ధతి లేదు. కాళ్లు లాగుతున్నాయంటే కాస్త నూనె రాస్తారు, నడుము పట్టేసిందంటే వేడినీళ్ల గుడ్డతో కాపడం పెడతారు, అంతకు మించితే ఏమవుతుందోనన్న భయంతో ఊరుకుంటారు.

ఆ భయం ఒకవైపు ఉండగా, బాలింతలకు చేసి చేసి అలవాటైన చెయ్యే అదే బలంతో, అదే వరుసతో గర్భిణి ఒంటి మీదకు రావడం మరోవైపు కనిపిస్తుంది. గర్భిణి మర్దనలో జరిగే పొరపాట్లు చాలావరకు ఇక్కడే పుడతాయి. మెత్తగా, తగిన పద్ధతిలో చేసే మర్దన నిండు నెలల మనిషికి నిజంగా ఊరటనిస్తుంది, ఖర్చు లేనిది, ఇంట్లోవాళ్లే చేయగలిగినది, కనుక దాన్ని భయపడి మానుకోనక్కరలేదు. అయితే ఆ చెయ్యి బాలింతకు పెట్టే చెయ్యి కాదు, దాన్ని విడిగా నేర్చుకోవాలి.

రెండు శరీరాల్లో ఉన్న తేడాను చూస్తే ఈ మాట ఎందుకో తెలుస్తుంది. కడుపుతో ఉన్న మనిషి ఒంట్లో రక్తం మామూలు కంటే దాదాపు 40 నుంచి 50 శాతం పెరుగుతుంది. కటి ఎముకల మధ్య కీళ్లను పట్టి ఉంచే బంధనాలు హార్మోన్ల ప్రభావంతో వదులవుతాయి. పొట్ట ముందుకు పెరిగేకొద్దీ నడుము లోపలికి వంపు తిరిగి, వెన్ను వెంట ఉన్న కండరాలు రోజంతా ఆ బరువును వెనక్కి లాగి నిలబెడతాయి. బరంపురం పట్టు నేసే దేవాంగుల ఇళ్లలో గంటల తరబడి కూర్చుని దారం చుట్టే ఆడవాళ్లకైనా, వంశధార ఒడ్డున ఊడ్పులకు వంగే కూలి ఆడవాళ్లకైనా సాయంత్రానికి నడుము ఎందుకు కదలనంటుందో ఇందులోనే ఉంది. ఇలా వదులైన కీళ్లను బాలింత నడుమును విరిచినట్టు మెలిపెట్టడం, మోకాలితోనో మడమతోనో తొక్కడం మేలు చేయవు. అప్పటికి హాయిగా అనిపించినా, మర్నాడు కటి భాగంలో నొప్పి పెరిగి నడవడమే కష్టమయ్యే అవకాశం ఉంది.

ఇంకొక తేడా కంటికి కనబడనిది. పురుటి వేళ రక్తస్రావం నుంచి కాపాడుకోవడానికి గర్భిణి రక్తం త్వరగా గడ్డకట్టే స్వభావాన్ని ముందే తెచ్చుకుంటుంది. పెరిగిన గర్భసంచి వల్ల కాళ్ల నుంచి పైకి వెళ్లే రక్తం నెమ్మదిస్తుంది కనుక, పిక్కల లోపలి సిరల్లో రక్తపు గడ్డలు ఏర్పడే ముప్పు మామూలు కంటే కొన్ని రెట్లు ఎక్కువ. ఉన్న గడ్డను గట్టిగా పిసికితే అది కదిలి ఊపిరితిత్తులకు చేరే ప్రమాదం ఉంటుంది. అందుకే పిక్కలను, తొడ లోపలి వైపును లోతుగా ఒత్తకూడదు. ఈ ముప్పు పురుడు అయిన మొదటి ఆరు వారాల్లో ఇంకా ఎక్కువగా ఉంటుంది. కాబట్టి బాలింత పిక్కలను చేతులకు పనిచెప్పినట్టు పిండడం గురించి కూడా ఇళ్లలో మళ్లీ ఆలోచించుకోవాలి.

మర్దనకు ముందు సరిచేసుకోవలసింది పడుకునే తీరు. బాలింతను బోర్లాగానీ వెల్లకిలాగానీ పడుకోబెట్టి చేస్తారు. గర్భిణికి ఈ రెండూ కుదరవు. 20 వారాలు దాటాక వెల్లకిలా పడుకుంటే గర్భసంచి బరువు వెన్నుకు ఆనుకుని ఉన్న పెద్ద సిరను నొక్కుతుంది. గుండెకు చేరవలసిన రక్తం తగ్గి కళ్లు తిరగడం, చెమటలు పట్టడం, వాంతి వచ్చినట్టుండడం జరుగుతాయి, బిడ్డకు అందే రక్తమూ తగ్గుతుంది. పక్కకు తిరగగానే చాలామందికి ఇది సర్దుకుంటుంది. ఎడమ పక్కకు పడుకోవడం మంచిదని అందరూ చెబుతారు, అది నిజమే, అయితే కుడి పక్క ప్రమాదమని బెంగపడనక్కరలేదు, వెల్లకిలా ఉండకపోవడమే అసలు విషయం. ఏడో నెల దాటాక రాత్రి నిద్రకు కూడా ఏదో ఒక పక్కకు తిరిగి పడుకోవాలన్నది ఇప్పుడు వైద్యులంతా చెప్పే మాట.

వంగిన నవారు మంచం కంటే నేల మీద బొంత పరచి దాని మీద చాప వేసుకోవడం నయం. కింద కూర్చోలేని వాళ్లకు వీపు లేని ఎత్తుపీట, ముందు బల్ల మీద రెండు దిండ్లు పెట్టి తల వాల్చుకునేలా కూర్చోబెట్టినా సరిపోతుంది. పక్కకు పడుకోబెట్టినప్పుడు పై మోకాలి కింద దిండు ఉండాలి, అది మోకాలికే కాక చీలమండ దాకా అందాలి. పొట్ట కిందికి జారుతున్నట్టు ఉంటుంది కనుక పాత నూలు చీరను నాలుగు మడతలు వేసి పొట్ట కింద సందులో దూర్చితే ఆ లాగుడు తగ్గుతుంది. ఈ ఒక్క మడత పెట్టగానే చాలామంది పెద్దగా ఊపిరి వదులుతారు. చేసేవాళ్లు గాజులు, ఉంగరాలు తీసి, గోళ్లు కత్తిరించుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని కూర్చోవాలి. నూనె గిన్నెను పొయ్యి మీద పెట్టకుండా వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టి, తమ మణికట్టు లోపలి వైపు ఒక చుక్క వేసి చూసుకుంటే కాలే భయం ఉండదు.

మర్దన భుజాల నుంచి మొదలుపెడితే ఒళ్లు ముందుగా సడలుతుంది. మెడ కింది నుంచి భుజం చివరికి అరచేతితో నిదానంగా జరుపుతూ, కండ గట్టిపడిన చోట వేలి కొసలతో చిన్న సున్నాలు చుట్టినట్టు తిప్పాలి. అక్కడి నుంచి వీపు. వెన్నెముక మీద ఒత్తిడి పెట్టకుండా, దానికి రెండు వైపులా ఉన్న కండ మీద అరచేయి ఆనించి కింది నుంచి పైకి జరపాలి. నడుము కింద, పిరుదుల మధ్య త్రికోణంలా ఉండే గట్టి ఎముక దగ్గర అరచేయి మడమను ఆనించి, ఊపిరి వదిలేటప్పుడు కాస్త ఒత్తి, పీల్చేటప్పుడు వదిలితే నిండు నెలల నడుము నొప్పికి ఇంతకు మించిన ఉపశమనం ఇంట్లో దొరకదు. ఎంత ఒత్తిడి పెట్టాలన్నదానికి ఇంటి కొలత ఒకటి చెప్పుకోవచ్చు: ఒత్తేవాళ్ల గోటి కింద రంగు తెల్లబడుతున్నదంటే అది ఎక్కువ. పడుకున్న మనిషి మాట ఆగిపోయినా, ఊపిరి బిగబట్టినా కూడా ఎక్కువే. కాళ్లకు మాత్రం ఒత్తడమనే మాటే వద్దు, నిమరడం చాలు. పాదం నుంచి మోకాలి వైపు, మోకాలి నుంచి తొడ వైపు, ఎప్పుడూ గుండె దిక్కుగానే చెయ్యి జరగాలి. ఉబ్బిన సిరలు కనిపిస్తే వాటి మీద చెయ్యి పెట్టకూడదు. మొత్తం 20 నిమిషాలు మించనక్కరలేదు. అన్నం తిన్న వెంటనే కాకుండా గంట దాటాక చేయాలి.

అర్ధరాత్రి పిక్క పట్టేసినప్పుడు అందరూ చేసేది ఆ ముడిని పట్టుకుని పిసకడమే. దానికంటే మోకాలు చాచి, పాదాన్ని పట్టుకుని కాలివేళ్లను మోకాలి వైపు మెల్లగా వంచి ఉంచితే కండ దానంతట అదే వదులుతుంది. నొప్పి పోయాక పైపైన నిమిరితే చాలు.

నూనెల విషయంలో ఈ ప్రాంతానికి కొదవ లేదు. నువ్వుల నూనె, కొబ్బరి నూనె ఒంటికి పడితే అవి చాలు. ఆవనూనె కొందరికి చర్మం మండిస్తుంది, కాబట్టి ముందురోజు ముంజేతి మీద రాసి చూసుకోవాలి. కొండ పల్లెల్లో ఇప్పనూనె వాడకం ఉంది, అదీ పై పూతకు పరవాలేదు. ఆముదం పాదాలకు రాస్తే తప్పులేదు గానీ, సుఖప్రసవం కోసమని తాగించడం తప్పు. అది విరేచనాలతో పాటు గర్భసంచిని కూడా కదిలించి సమయం కాని నొప్పులు తేగలదు. కర్పూరం కరిగించిన కొబ్బరి నూనె మనవాళ్లు ఒళ్లు నొప్పులకు విరివిగా వాడేదే అయినా, కర్పూరం చర్మం నుంచి ఒంట్లోకి చేరి బిడ్డ వైపూ వెళ్లగలది కనుక గర్భిణికి దాన్ని పక్కన పెట్టాలి. మందుల షాపులో అడిగి తెచ్చే నొప్పి బామ్‌లు, జెల్‌లు అంతే. డైక్లోఫెనాక్ వంటి మందు కలిసిన జెల్‌ను 20 వారాలు దాటాక డాక్టరు చెప్పకుండా రాయకూడదు. ఏ నూనె రాసినా చివర చేయవలసిన పని ఒకటుంది, చాలా ఇళ్లలో మరచిపోయేదీ అదే: లేచి నిలబడే ముందు రెండు అరికాళ్లను పొడి గుడ్డతో తుడవాలి. నూనె కాళ్లతో సిమెంటు నేల మీద స్నానాల గదికి నడవడమంటే జారిపడడాన్ని పిలిచినట్టే. నిండు నెలల్లో పొట్ట నేలకు తగిలేలా పడితే, బిడ్డను తల్లితో కలిపి ఉంచే మాయ గర్భసంచి గోడ నుంచి ఊడే ప్రమాదం ఉంటుంది.

పొట్ట సంగతి విడిగా చెప్పాలి. దురద పుట్టిన చోట అరచేతితో నూనె పైపైన రాసుకోవచ్చు. దానివల్ల పొట్ట చారలు రాకుండా ఆగుతాయని పరిశోధనల్లో తేలలేదు, అయినా చర్మానికి హాయిగా ఉంటుంది. చేయకూడనిది పొట్టను సర్దడం. బిడ్డ అడ్డంగా ఉందనో, కాళ్లు కిందికి ఉన్నాయనో మంత్రసాని చేత పొట్ట తోమించి తిప్పించే అలవాటు సరిహద్దుకు రెండు వైపులా ఉండేది, అక్కడక్కడా ఇంకా ఉంది. ఆ ఆడవాళ్ల చేతికి తెలిసిన విద్యను చులకన చేయనక్కరలేదు. ఆసుపత్రులు లేని కాలంలో ఎన్నో ప్రాణాలను నిలబెట్టిన చేతులవి. అయితే బిడ్డను బయటి నుంచి తిప్పే పనిని ఈనాడు డాక్టర్లు కూడా 36 లేదా 37 వారాల తర్వాతనే, స్కానింగులో మాయ ఎక్కడుందో చూసుకుని, బిడ్డ గుండె చప్పుడును గమనిస్తూ, అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేయగల చోట మాత్రమే చేస్తారు. ఇన్ని జాగ్రత్తలు పెట్టుకుని చేసే పనిని వెలుతురు సరిగా లేని గదిలో నూనె చేతితో చేయడం మాయ ఊడడానికీ, రక్తస్రావానికీ దారితీయగలదు. తల్లి రక్తం నెగెటివ్ గ్రూపు అయితే తల్లీబిడ్డల రక్తాలు కలిసి తర్వాతి కాన్పులకు కూడా చిక్కు తెస్తుంది.

మర్దన వల్ల కలిగే ఉపశమనం ఎంత విలువైనదో, ఆ 20 నిమిషాల్లో చేసేవాళ్ల కంటికీ చేతికీ తెలిసేది అంతకంటే విలువైనది. నెలకొకసారి చూసే నర్సు కంటే రోజూ పాదం పట్టుకునే మనిషికి మార్పు ముందు తెలుస్తుంది. సాయంత్రానికి రెండు పాదాలకూ కొంచెం నీరు పట్టి, తెల్లారేసరికి తగ్గితే అది చాలామందికి ఉండేదే. బొటనవేలితో చీలమండ దగ్గర నొక్కి వదిలితే గుంట అలాగే నిలిచి, పొద్దున లేచేసరికి కూడా వాపు తగ్గకపోతే, నిన్నటి దాకా తిరిగిన మెట్టెలు ఇవాళ వేలికి కరుచుకుంటే, ముఖం, చేతులు ఉబ్బితే, దానికి తోడు తలనొప్పి, చూపు మసకబారడం, డొక్క పైభాగంలో నొప్పి ఉంటే నూనె గిన్నె పక్కన పెట్టి బీపీ చూపించుకోవాలి. 20 వారాలు దాటిన గర్భిణికి బీపీ 140/90 గానీ అంతకు పైన గానీ ఉంటే అది ఆసుపత్రి పని, ఆ వాపును మర్దనతో దించాలని చూడడం కాలాన్ని పోగొట్టుకోవడమే. ఒక కాలే వాచి, వేడిగా, ఎర్రగా ఉండి నొప్పి పెడితే గడ్డ కట్టిందేమోనని అనుమానించాలి. దద్దు ఏదీ లేకుండా అరచేతులు, అరికాళ్లు రాత్రిళ్లు విపరీతంగా దురద పెడితే అది చర్మం పొడిబారడం కాకపోవచ్చు, కాలేయంలో పిత్తం నిలిచిపోయే గర్భకాలపు జబ్బు అలాగే మొదలవుతుంది, రక్తపరీక్షతో తేలుతుంది. గోళ్లు, అరచేతులు పాలిపోయి కనిపిస్తే హిమోగ్లోబిన్ చూపించాలి, గర్భిణికి అది 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత కిందే లెక్క. దక్షిణ ఒడిశా మలేరియా ఉన్న నేల. చలిజ్వరం వచ్చిన గర్భిణికి నూనె రాసి దుప్పటి కప్పి పడుకోబెట్టకూడదు, ఆ రోజే రక్తం చూపించాలి. రక్తం కనిపించినా, ఉమ్మనీరు కారుతున్నా, 37 వారాలకు ముందే పొట్ట గట్టిపడుతూ వదులుతూ ఉన్నా, బిడ్డ కదలిక తగ్గినా మర్దన మాట తలపెట్టకుండా బయల్దేరాలి. మాయ కిందికి ఉందని స్కానింగులో చెప్పిన వాళ్లు, ఇంతకుముందు గడ్డ కట్టిన జబ్బు వచ్చిన వాళ్లు మొదలుపెట్టక ముందే డాక్టరును అడగాలి.

చూసిన సంగతి ఆసుపత్రికి చేరడంలో ఈ సరిహద్దుకు తనదైన ఒక ఇబ్బంది ఉంది. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది, పాతపట్నం ఇటు, ఇప్పటి ఆంధ్ర వైపు, ఉండిపోయింది, పెళ్లి సంబంధాలు మాత్రం అటూ ఇటూ కలుస్తూనే ఉన్నాయి. టెక్కలి వైపు నుంచో ఇచ్ఛాపురం వైపు నుంచో కోడలిగా వచ్చిన అమ్మాయికి చేతిలోని గర్భిణి పరీక్షల కార్డు ఒడియాలో ఉంటుంది, మమతా దివస్ నాడు, అంటే ఊళ్లో తల్లీబిడ్డలను చూసే ఆరోగ్య దినాన, పరీక్షించే నర్సు ఒడియాలో అడుగుతుంది. 'కాళ్లు వాచాయి' అని తెలుగులో అన్న మాట అటు సగమే చేరుతుంది. ఒడియాలో కాలును గొడొ అంటారని, వాచిందనడానికి ఫులిఛి అంటారని ఆ అమ్మాయి ముందే నేర్చుకుని ఉండాలి, లేదా ఆ మాట తెలిసిన తోడు ఉండాలి. నూనె పెట్టే మనిషే ఆ తోడుగా వెళ్తే మేలు, ఎప్పటి నుంచి వాపు ఉందో చెప్పగలిగేది ఆమే. పురుటికి పుట్టింటికి సరిహద్దు దాటి వెళ్లేటప్పుడు కార్డుతో పాటు ఈ సంగతులు కూడా చెప్పి పంపాలి. పర్లాకిమిడి నుంచి బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రికి వంద కిలోమీటర్లకు పైనే దూరం ఉన్నప్పుడు ఒక పూట ముందు తెలియడానికి ఎంతో విలువ ఉంది.

ఎవరు చేయాలన్నది కూడా తేలికగా తెగే విషయం కాదు. పెద్దవాళ్లు చిన్నవాళ్ల కాళ్లు ముట్టకూడదన్న సంకోచం మన ఇళ్లలో గట్టిగా ఉంది. కోడలి వీపుకు నూనె రాసే అత్తగారు పాదాల దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకుంటుంది, ఒకవేళ ఆమె చేయబోయినా కోడలే కాళ్లు ముడుచుకుంటుంది. గంజాం వైపు ఎందరో మగవాళ్లు సూరత్ మరమగ్గాల పనికి వెళ్లి నెలల తరబడి అక్కడే ఉంటారు కనుక భర్త చేతికి వచ్చే పని కూడా కాదు. తోడికోడలో, ఆడపడుచో, పొరుగింటి అక్కో ఈ లోటు తీర్చవచ్చు. భర్త ఇంట్లో ఉన్నచోట మాత్రం 'మగవాడు కాళ్లు పట్టడమేమిటి' అనే మాటను పక్కన పెట్టి అతనికి నేర్పడం మంచిది, ఎందుకంటే నొప్పి వచ్చేది అర్ధరాత్రి, అప్పుడు పక్కన ఉండేది అతనే.

మొదటి మూడు నెలల్లో మర్దన చేస్తే గర్భం పోతుందన్న నమ్మకం బలంగా ఉంది. మెత్తని మర్దన వల్ల గర్భం పోతుందని చెప్పడానికి ఆధారం లేదు. తొలి నెలల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం పిండం క్రోమోజోముల్లోని లోపం వల్ల పోతాయి. ఆ దుఃఖానికి ఎవరి చేతినో కారణం చేయడం అన్యాయం. ఆ నెలల్లో వేవిళ్లతో నలిగిన మనిషికి భుజాలు, మెడ నిమిరితే చాలు, ఒళ్లంతా వేడెక్కేలా మరిగే నీళ్ల స్నానం చేయించకపోతే చాలు.

మర్దన ఏం చేయగలదన్న దానిపై పరిశోధనలు ఉన్నాయి గానీ అవి చిన్నవి. అమెరికాలోని మయామీలో టిఫనీ ఫీల్డ్ బృందం 1999లో ప్రచురించిన అధ్యయనంలో 26 మంది గర్భిణులు పాల్గొన్నారు. వారిలో ఐదు వారాల పాటు మర్దన పొందిన వాళ్లకు ఆందోళన, నడుము నొప్పి తగ్గి నిద్ర మెరుగైందని తేలింది. ఇంత తక్కువ మందితో చేసిన దాన్ని పట్టుకుని, మర్దన చేయించుకుంటే సిజేరియన్ తప్పుతుందనో, బిడ్డ బలంగా పుడుతుందనో చెప్పడం సరికాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గర్భిణుల సంరక్షణకు ఇచ్చిన సూచనల్లో నడుము నొప్పికి ముందు చెప్పింది క్రమం తప్పని వ్యాయామం. కాబట్టి పూటకు కొంత నడక, దాని మీద మర్దన అనుకోవాలి. నడకకు బదులుగా మర్దన అనుకుంటే నొప్పి తిరిగి వస్తూనే ఉంటుంది.

అదే సంస్థ 2018లో ప్రసవ సమయానికి ఇచ్చిన సూచనల్లో మాత్రం నొప్పులు ఓర్చుకోవడానికి మర్దన, వేడి కాపడం పేర్లు నేరుగా ఉన్నాయి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ప్రసవ గదిలోకి ఒక ఆడతోడును అనుమతించాలని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే చెప్పింది. నడుము కింది త్రికోణపు ఎముక మీద అరచేయి ఆనించి ఒత్తే పని అక్కడ బాగా అక్కరకొస్తుంది. నొప్పి మొదలైనప్పుడు ఒత్తి పట్టుకుని, అది వెనక్కి తగ్గేదాకా అలాగే ఉంచి, తర్వాత వదలాలి. ఈసారి ఎంత గట్టిగా ఒత్తాలో నొప్పి పడే మనిషే చెబుతుంది, ఇంట్లో ఎనిమిదో నెల నుంచి ఆ చోటు తెలిసిన చెయ్యికి ఆ మాట అందడానికి క్షణం పట్టదు.